పైనుంచి అంటించిన నిప్పు

బొగ్గుగని పక్కనున్న లియొకాదియా కాలనీలో ఆడదాని పరువు కిటికీ తెరల్లో ఉంటుంది, మగవాడి పరువు పొయ్యిలో ఉంటుంది. తెరలు ప్రతి శనివారం ఉతికి తెల్లగా కట్టాలి. సోమవారానికల్లా బొగ్గు మసికి అవి ఎలుక రంగుకు తిరుగుతాయి. అయినా మళ్లీ ఉతకాలి. పొయ్యి సంగతి అంతకన్నా గట్టిది. అక్టోబరు నడుమ పుణ్యవతి యాద్విగా పండుగనాడు అంటించిన నిప్పు ఈస్టరు దాకా ఆరకూడదు. ఆరిందంటే, ఆ ఇంటాయన బీరు కొట్లో అడుగుపెట్టగానే బల్లల దగ్గరున్నవాళ్లంతా లేచి తలా ఒక అగ్గిపెట్టె చేతిలో పెడతారు. ఎవరింటికి వెళ్లినా కూర్చోబోయే ముందు వాళ్ల పొయ్యిలో ఒక పార బొగ్గు వెయ్యడం మర్యాద. వెయ్యకుండా కూర్చున్నవాణ్ణి ఊరికి కొత్త అనుకుంటారు, లేదా గర్విష్ఠి అనుకుంటారు.

ఇక పొద్దున లేవగానే అందరూ చేసే మొదటి పని ఎదురింటి పొగగొట్టం వంక చూడటం. పొగ వస్తోందంటే ఆ ఇంట్లో మనిషి లేచినట్టు. రాలేదంటే ముందు తలుపు తడతారు, తర్వాత ఫాదరు గారికి కబురు పెడతారు. గని మూతపడ్డాక కాలనీలో మిగిలినవాళ్లు ఎక్కువమంది ముసలివాళ్లే మరి.

గిజెలా మ్రోజెక్ ఈ పరువులు రెండూ తనొక్కతే మోసింది. ఇంట్లో తెరలు ఆవిడవే, పసిపిల్లల బడిలో గదులు వెచ్చబెట్టే బొగ్గు బాయిలరు కూడా ఆవిడదే. భర్త ఎవాల్డ్ గుండె ఆగి పోయిన ఏడాదే మామగారు అలోయిజ్‌కి మోకాళ్లు పట్టేశాయి. ఆయన ముప్ఫై ఏళ్లు గని బాయిలర్ల దగ్గర, ఆ తర్వాత బడి బాయిలరు దగ్గర పార పట్టినవాడు. "బడి పార నా కోడలికి ఇస్తున్నా" అని ఆయన బీరు కొట్లో చెప్పగానే నవ్వులు లేచాయి.

"ఆడమనిషి నిప్పు నిలబెడుతుందా అలోయిజ్?"

"మా వాణ్ణి పాతికేళ్లు నిలబెట్టింది, నిప్పొక లెక్కా?" అన్నాడు ముసలాయన.

నిలబెట్టింది. పదకొండు చలికాలాలు ఒక్కనాడూ ఆరనివ్వలేదు. తెల్లవారకముందే వెళ్లి బూడిద దులిపి, నిప్పుల మీద నాలుగు పారలు వేసేది. గంటకోసారి మళ్లీ రెండేసి పారలు. ఏడున్నరకి పిల్లలు వచ్చేవాళ్లు. చేతి తొడుగులు తీసి గోడకున్న వేడినీటి రేడియేటరు మీద అరచేతులు పెట్టి "గిజెలా వేడి పెట్టింది!" అని ఒక్కసారిగా అరిచేవాళ్లు. ఆ అరుపు బాయిలరు గదిలోకి గొట్టాల వెంట దిగి వచ్చేది. గిజెలాకి పిల్లల్లేరు. ఆ అరుపు కోసం ఆవిడ పార పట్టేదని ఎవరికీ చెప్పలేదు గాని, అందరికీ తెలుసు.

చిక్కల్లా ఒక్కటే. పార పడ్డ ప్రతిసారీ బడి పొగగొట్టం నల్లగా కక్కేది. పది నిమిషాలు, పావుగంట. గాలి ఎటుంటే అటు మసి. ఎక్కువగా అది ఎదురు వరసలోని ట్రూడా కిటికీల మీదికే ఉండేది. ట్రూడా గిజెలాతో పాటు ఆ బడిలోనే చదువుకున్నది, ఆవిడ తెరలు కాలనీలోకెల్లా తెల్లనివని పేరు.

"ఏమే గిజెలా, పిల్లలకి వేడీ, నా తెరలకి మసీనా? నా మొగుడు పోయినప్పుడు కూడా నా ఇల్లు ఇంత నల్లబడలేదే!"

"గాలితో చెప్పుకోవే. నేను గొట్టం కట్టలేదు."

"బొగ్గు వేసేది నువ్వా గాలా?"

ఇలా వాళ్ల మాటలు పదకొండేళ్లు నడిచాయి.

ఆ అక్టోబరు చివర్లో ఒక పెద్దమనిషి సంచీ తగిలించుకుని వచ్చాడు. ఊరి కార్యాలయం తరఫున పొగగొట్టాలు చూసే ఇన్‌స్పెక్టరు, పేరు జారెంబా. దూరం నుంచి బదిలీ మీద వచ్చినవాడు. అతని చేతిలో ఒక అట్ట, దాని మీద వరసగా గళ్లు. మొదటి గడి తెలుపు, చివరి గడి నలుపు, నడుమ బూడిదరంగులు. ఆ అట్టని ఆకాశానికేసి పట్టుకుని బడి పొగతో పోల్చి చూశాడు. చివరి గడికన్నా పొగే నల్లగా ఉందని రాసుకున్నాడు.

బడికి పెద్దగా ఉన్న బెర్నాడెటా గారు గిజెలాని తన గదికి పిలిచి కూర్చోబెట్టారు.

"కొత్త నియమాలట గిజెలా. డిసెంబరు నాలుగున మళ్లీ వస్తాడట. ఏడింటి నుంచి పదకొండు దాకా నిలబడి చూస్తాడట. నల్లపొగ మొత్తం కలిపి అయిదు నిమిషాలు దాటితే బాయిలరుకి సీలు."

"డిసెంబరు నాలుగా? పుణ్యవతి బార్బరా పండుగనాడా? గని కార్మికుల పండుగనాడు పొగ కొలిచేవాడు ఎక్కడైనా ఉంటాడా డైరెక్టరమ్మా?"

"ఆయనది మన వైపు కాదు. ఆయనకి అది ఒక శుక్రవారం అంతే."

"మరి గ్యాసు గొట్టం?"

"వచ్చే వేసవికి గాని మన వీధికి రాదు. ఈలోగా సీలు పడితే పిల్లల్ని ఊళ్లో మూడు బళ్లకి పంచేస్తారు." బెర్నాడెటా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మళ్లీ తెస్తామంటారు. నువ్వు నమ్ముతావా?"

గిజెలా నమ్మలేదు. గని మూశారు, మళ్లీ తెరుస్తామన్నారు. సినిమా హాలు మూశారు. తపాలా ఆఫీసు మూశారు. ఈ కాలనీ నుంచి పోయింది ఏదీ తిరిగి రాలేదు. మిగిలింది చర్చి, బీరు కొట్టు, ఈ బడి. బడి పోతే చిన్నపిల్లలున్న ఆ కొద్ది కుటుంబాలూ పోతాయి. అంత నిశ్శబ్దంలో తను ఎలా ఉండగలదో ఆవిడకి తెలియలేదు.

మామగారిని అడిగింది. "పొగ రాకుండా ఎలా వెయ్యాలి మావయ్యా?"

"బొగ్గు అన్నాక పొగ రాదా అమ్మాయ్? ఉల్లిపాయ కోస్తే కళ్లు మండవా? కొంచెం కొంచెంగా వెయ్యి."

కొంచెం కొంచెంగా వేసి చూసింది. పొగ కూడా కొంచెం కొంచెంగా, రోజంతా వచ్చింది.

నవంబరు ఒకటి సకల పుణ్యాత్ముల పండుగ. కాలనీ మొత్తం సమాధుల తోటలో ఉంది. గిజెలా ఎవాల్డ్ సమాధి మీద రాలిన ఆకులు ఊడ్చి, చేమంతులు పెట్టి, గాజు గిన్నెల్లో నాలుగు కొవ్వొత్తులు వెలిగించింది. చీకటి పడేసరికి కొండవాలు అంతా వేల దీపాలు. ప్రతి ఏడూ చూసేదే. ఆ సాయంత్రం మాత్రం ఆవిడ మనసు పొగ మీద ఉంది. అన్ని వేల మంటలున్నా, పొగేదీ? ఆకాశం శుభ్రంగా ఉంది. చుక్కలు కనిపిస్తున్నాయి.

ఆవిడ వంగి ఎవాల్డ్ కొవ్వొత్తిని చాలాసేపు చూసింది. మంట పైన ఉంది. మైనం కింద ఉంది. మైనం కరిగి పైకి వచ్చి, మంటలోంచే పోతోంది. మంటని తప్పించుకుని పోయే దారి దానికి లేదు. మరి తన బాయిలర్లో? నిప్పు కింద, పచ్చి బొగ్గు పైన. కింది వేడికి పై బొగ్గు నుంచి పుట్టే పొగకి మంట తగలనే తగలదు. తిన్నగా గొట్టంలోకి, అక్కణ్ణుంచి ట్రూడా తెరల్లోకి.

"ఎవాల్డూ," అంది నెమ్మదిగా, "మేమంతా వందేళ్లుగా కొవ్వొత్తిని తలకిందులుగా వెలిగిస్తున్నామయ్యా."

పక్క సమాధి దగ్గర మోకరించిన ట్రూడా తల తిప్పి చూసింది. "ఏంటే, మొగుడితో పోట్లాటా?"

"లేదే. చాన్నాళ్లకి ఇవాళ ఇద్దరికీ మాట కలిసింది."

ఇంటికొచ్చి మామగారికి చెప్పింది. ఆయన బల్ల మీద సూపు గిన్నె పక్కకి జరిపాడు.

"పైనుంచి అంటిస్తావా?"

"బొగ్గు నిండా నింపి, మీద చితుకులు పేర్చి, పైన అంటిస్తా. నిప్పు మెల్లగా కిందికి దిగుతుంది. పుట్టిన పొగ మంటలోంచే పోవాలి, అక్కడే కాలిపోతుంది. పొగంటే కాలకుండా పారిపోయిన బొగ్గే కదా మావయ్యా."

"నీళ్లు కిందికి పోతాయి, నిప్పు పైకి పోతుంది. దేవుడు అలా పెట్టాడు. పైన అంటిస్తే కిందికెలా దిగుతుందే పిచ్చిదానా, నిచ్చెన వేస్తావా?"

"కొవ్వొత్తి దిగడం లేదూ?"

"కొవ్వొత్తితో బడి కాస్తావా?" ముసలాయన హఠాత్తుగా ఆగాడు. అసలు సంగతి అప్పుడు తట్టింది. "ఉండు. నిండా నింపాలంటే ముందు బాయిలరు ఖాళీగా ఉండాలి కదా?"

"ఉండాలి."

"అంటే నిప్పు ఆర్పుతావా?"

"రోజూ ఆరిపోనిచ్చి, రోజూ కొత్తగా అంటించాలి."

అలోయిజ్ లేచి నిలబడ్డాడు. మోకాళ్లు టకటకమన్నాయి. "నేను యుద్ధం అయిపోయిన ఏడాది పుట్టాను. మంచు తుఫాన్లు చూశాను, సమ్మెలు చూశాను, వీధిలో ట్యాంకులు చూశాను. ఏ చలికాలమూ నా నిప్పు ఆరలేదు. నా పార నీకిచ్చింది నిప్పు చంపడానికి కాదు."

ఆ శనివారం పిల్లలు లేని పూట గిజెలా నిప్పుని ఆరనిచ్చింది. ఆఖరి ఎర్రదనం బూడిదలో కలుస్తుంటే చూడలేక పక్కకి తిరిగింది. తర్వాత బాయిలరు ఊడ్చి, అంచుదాకా బొగ్గు నింపి, మీద దేవదారు చితుకులు పేర్చి అంటించింది. పై తలుపు మూసి, అడుగున గాలి తలుపు వేలెడంత తెరిచింది. బయటికి వెళ్లి చూస్తే గొట్టం నుంచి పల్చటి తెల్లటి పొగ, కాసేపటికి అది కూడా లేదు. అరగంట గడిచింది. లోపలికి వచ్చి తలుపు తీసి తొంగి చూసింది. పైపైన చిన్న మంట, కింద అంతా నల్లటి బొగ్గు. నిప్పు ఆకలితో ఉన్నట్టు కనబడింది. ఏం చేస్తోందో తెలిసేలోగా చెయ్యి తనంతట తనే పార ఎత్తి, మంట నెత్తిన ఒక పార బొగ్గు వేసేసింది.

గొట్టం ఎద్దులా బుసకొట్టింది.

"గిజెలా!" ట్రూడా గొంతు వీధి దాటి వచ్చింది. "శనివారమే! ఇప్పుడే కట్టానే! తడి కూడా ఆరలేదే!"

గిజెలా పారని చూసింది, చేతిని చూసింది. తప్పు పద్ధతిది కాదు. పదకొండేళ్లు అలవాటుపడ్డ చేతిది.

మరుసటి శనివారం మళ్లీ నింపింది, మళ్లీ పైన అంటించింది. ఈసారి పారని నేల మీద పెట్టి, దాని మీద పీట వేసుకుని తనే కూర్చుంది. అల్లిక తీసింది. చెయ్యి రెండుసార్లు కదిలింది. రెండుసార్లూ ఊలు ఉండ మీదికి మళ్లించింది. గంట, రెండు గంటలు, మూడు. మేజోడు మడమ దాకా వచ్చింది. బాయిలరు మీద వేడి చూపే ముల్లు డెబ్భై డిగ్రీల దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. బయట గొట్టం మీద గాలి మాత్రం వణుకుతోంది, ఎండాకాలం రైలు పట్టాల మీద వణికినట్టు. అంతకుమించి ఏమీ లేదు.

అలోయిజ్ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆవరణలో నిలబడ్డాడు.

"నిప్పు ఆరిపోయింది" అన్నాడు, కాస్త సంతోషంగానే.

"లోపలికి రా మావయ్యా, చూపిస్తా."

"పొగ లేదు. పొగ లేకపోతే నిప్పు లేదు. ఇంక చూసేదేముంది?"

"చెయ్యి పెట్టి చూడు మరి!"

ఆయన లోపలికి వచ్చి చూశాడు. కింద నల్లటి బొగ్గు, మీద పసుపుపచ్చటి మంట చెరువులా పరుచుకుని ఉంది. చాలాసేపు చూశాడు. "గంట గంటకీ పార వెయ్యనప్పుడు ఇంక బాయిలరుకి మనిషెందుకు?" అని గొణిగి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడటం మానేశాడు. ఆదివారం భోజనానికి మాత్రం వచ్చేవాడు. మాంసం చుట్టలు, బంగాళదుంప ముద్దతో చేసి గుంట నొక్కిన ఉడుకుండలు, ఎర్ర క్యాబేజీ తినేవాడు. పళ్లేనికి మాత్రమే దండం పెట్టి వెళ్లేవాడు.

గిజెలా రోజూ అయిదింటికి పైనుంచి అంటించింది. ఒక నింపుడు సాయంత్రం దాకా వచ్చింది. వారంలో మూడో వంతు బొగ్గు మిగిలింది. అన్నీ బాగానే ఉన్నాయి, మామగారి కుర్చీ దగ్గర ఆ నిశ్శబ్దం తప్ప.

డిసెంబరు నాలుగు. సున్నాకి పద్నాలుగు డిగ్రీలు దిగువన చలి. గిజెలా అయిదింటికి అంటించింది. ఆరింటికి కాలనీ బ్యాండు మేళం బయల్దేరింది. బార్బరా పండుగనాడు కిటికీల కింద బూరలు ఊది గని కార్మికుల్ని నిద్రలేపడం వాళ్ల పని. గని లేకపోయినా లేపుతారు. ఎర్ర ఈకల టోపీలు, పద్నాలుగు మంది. వాళ్లంటే గిజెలాకి భయం, అందుకు కారణం ఉంది. వీధులన్నీ తిరిగాక వాళ్లు ఏటా బడి బాయిలరు గదికే వస్తారు, గడ్డకట్టిన బూరలు కరిగించుకోవడానికి. వచ్చినవాళ్లు వచ్చినట్టు తలా ఒక పార బొగ్గు బార్బరా పేర నిప్పులో వేస్తారు. పద్నాలుగు మంది, పద్నాలుగు పారలు! ఈ ఆనవాయితీ మొదలెట్టింది అలోయిజే, గని రోజుల్లో.

గిజెలా పార తీసుకెళ్లి బొగ్గు సంచుల వెనక దాచింది.

సరిగ్గా ఏడింటికి జారెంబా వచ్చాడు. ఆవరణ మధ్య నిలబడి మెడకి కండువా రెండు చుట్లు తిప్పి, గళ్ల అట్ట బయటికి తీశాడు. సీలు సామాను సంచీలో కళ్లబడుతూనే ఉంది. ఏడున్నరకి పిల్లలు వచ్చారు. గొట్టాల వెంట అరుపు దిగింది.

ఎనిమిదికి పావుగంట ఉందనగా ట్రూడా తలగుడ్డ జారిపోతూ పరుగెత్తుకొచ్చింది.

"గిజెలా! మీ మావగారి గొట్టంలో పొగలేదే!"

"ఏంటీ?"

"పొగలేదు! కాలనీ అంతా పొగ, ఆయన గొట్టం ఒక్కటీ చల్లగా ఉంది. తలుపు బాదాను, పలకలేదు. బార్బరా పండుగనాడు అలోయిజ్ ఈపాటికి వీధిలో ఉండాలి కదే!"

గిజెలా తలుపు దాకా పరుగెత్తి ఆగింది. మూడు వారాలు. మూడు వారాలుగా ఆ మనిషి తనతో మాట్లాడలేదు, తనూ పంతానికి పోయి పలకరించలేదు. బాయిలరు వంక చూసింది. బయట అట్ట పట్టుకున్న మనిషి. వీధి చివర బూరల మోత దగ్గరపడుతోంది. ఇప్పుడు కదిలితే బడి పోవచ్చు. కదలకపోతే…

"నువ్విక్కడ నిలబడవే" అంది ట్రూడా భుజాలు పట్టుకుని. "ఎవ్వరూ ఒక్క గడ్డ కూడా పైన వెయ్యకూడదు. ఒక్కటీ!"

"నేనా? వాళ్లు పద్నాలుగు మందే!"

"నీ తెరల మీద ఒట్టు!"

మంచు మీద జారుతూ, లేస్తూ వెళ్లింది. నిజంగానే మామగారి గొట్టం పైన ఉత్త ఆకాశం. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. లోపల రేడియో పెద్దగా మోగుతోంది. గది వెచ్చగా ఉంది. అద్దం ముందు అలోయిజ్ నల్లటి పండుగ దుస్తుల్లో, ఇత్తడి గుండీలన్నీ పెట్టుకుని, నల్ల ఈకల టోపీ సర్దుకుంటున్నాడు. వినబడే చెవి రేడియో వైపు ఉంది.

"మావయ్యా!"

ఆయన తిరిగాడు. "ఏడుస్తున్నావేం? పొగ పట్టిందా?"

"పొగ లేదు! పొగ లేకపోయేసరికి నువ్వు… నువ్వు…" పొయ్యి వంక చూసింది. తలుపు సందులోంచి పసుపుపచ్చటి వెలుగు.

"చచ్చాననుకున్నారా?" ముసలాయన మీసం చివర నవ్వు కదిలింది. "అయిదు రోజుల నుంచీ పైనుంచే అంటిస్తున్నా, నిన్నటిదాకా ఎవరి కంటా పడకుండా రాత్రిపూట, పొద్దున అంటించడం ఇవాళే. మొదటి రోజు చెయ్యి ఆగలేదు, ఒక పార వేసి చెడగొట్టుకున్నా. రెండో రోజు నీలాగే పార మీద కూర్చున్నా."

"నేను పార మీద కూర్చున్నట్టు నీకెలా తెలుసు?"

"బాయిలరు గది కిటికీలోంచి చూడలా? మూడు వారాలుగా చూస్తున్నా. బాయిలరు పట్టుకుని యాభై ఏళ్లు బతికినవాణ్ణి, చూడక ఎలా ఉంటా?" ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ అందరి ముందూ చెబుదామనుకున్నా. నువ్వు ముందే వచ్చేశావ్. అయినా బాయిలరు దగ్గర ఎవరున్నారు?"

"ట్రూడా."

"ట్రూడానా! మేళం వచ్చే వేళకా?"

మామా కోడళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మంచు మీద పడబోతూ పరుగెత్తారు. మోకాళ్ల సంగతి ఆయనకి గుర్తే లేదు.

బాయిలరు గది నిండా ఎర్ర ఈకలు. ట్రూడా ఎక్కడినుంచో పార దొరకబుచ్చుకుని రెండు చేతులా గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుంది. "చంపినా ఇవ్వను!" అంటోంది. కాని తాళాలు వాయించే లావుపాటి హుబెర్ట్‌కి పార అక్కర్లేకపోయింది. ఇత్తడి తాళం పళ్లెంలా తిరగేసి, దాని నిండా బొగ్గు పోసుకుని, బాయిలరు పై తలుపు తెరిచి నిలబడ్డాడు. "బార్బరమ్మా, చల్లగా చూడు" అని ఎత్తాడు కూడా.

"హుబెర్ట్!"

అది గని బాయిలర్ల హోరులో నలభై అడుగుల దూరానికి వినబడేలా తయారైన గొంతు. గోడల సున్నం రాలిందని ట్రూడా తర్వాత చెప్పుకుంది. హుబెర్ట్ చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఆ పళ్లెం దించు."

"అలోయిజ్ బాబాయ్, బార్బరమ్మ పార…"

"ఆవిడ పారలన్నీ తెల్లవారకముందే మా కోడలు వేసేసింది. పద్నాలుగూ, నాదీ, చచ్చిపోయిన మావాడిదీ. అన్నీ కింద ఉన్నాయి, మంట దిగి వాటి దగ్గరికి వస్తుంది. మీరు ఇప్పుడు పైన వేస్తే అది మర్యాద కాదు, హత్య."

"ఆనవాయితీ కదా బాబాయ్?"

"పెట్టింది నేను. తీస్తున్నదీ నేనే. తలుపు మూసి, మీ బూరలు గొట్టానికి ఆనించుకోండి. వేడి అందరికీ సరిపోతుంది."

హుబెర్ట్ బొగ్గుని మళ్లీ కుప్పలో పోసి, తాళాన్ని తొడకి తుడుచుకున్నాడు. గిజెలా తలుపు మూసింది. బయటికి పరుగెత్తి గొట్టం వంక చూసింది. తలుపు అంతసేపు తెరిచి ఉన్నా పొగ లేదు. గాలి మాత్రం వణుకుతోంది.

తొమ్మిదింటికి జారెంబా బాయిలరు గది గుమ్మంలో నిలబడ్డాడు. ముక్కు ఎర్రబడింది, మీసాలకి మంచు పట్టింది.

"అమ్మా, రెండు గంటలుగా నిలబడ్డాను. నాకు చలేస్తోంది. దయచేసి చెప్పండి, ఎప్పుడు అంటిస్తారు?"

హుబెర్ట్ పొట్ట నవ్వుతో ఊగడం మొదలైంది. ఆ ఊపు మేళమంతా పాకింది.

"అయిదింటికే అంటించానండీ" అంది గిజెలా.

"మరి పొగ?"

"లోపలే కాలిపోతోంది."

అతను నమ్మలేదు. బెర్నాడెటా గారు అతన్ని పిల్లల గదికి తీసుకెళ్లారు. రేడియేటరు మీద చెయ్యి పెట్టి, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు. పిల్లలు చుట్టూ మూగి అతని మొహంలోకి చూస్తూ "గిజెలా వేడి పెట్టింది!" అని అరిచారు. తిరిగి వచ్చి బాయిలర్లోకి తొంగి చూశాడు. అట్ట తీసి, గొట్టం వంకా అట్ట వంకా చూశాడు. మొదటి తెల్లటి గడి దగ్గర వేలు ఆగింది.

"పదకొండు దాకా ఉండాలి నేను. నియమం" అన్నాడు.

"ఉండండి సారూ" అంది ట్రూడా, వేడివేడి సూపు ముంత అతని చేతిలో పెడుతూ. "ఏమీ లేనిదాన్ని ఇంకో రెండు గంటలు చూడాలంటే ఒంట్లో శక్తి ఉండాలి."

పదకొండు కొట్టగానే అతను రాసింది గిజెలా స్వయంగా చదివింది. నల్లపొగ: లేదు. సీలు సామాను సంచీ అడుగుకి వెళ్లిపోయింది. వెళ్లబోతూ అతను ఆగి, "ఇది ఎలా చేస్తారో మా ఇంటావిడకి చెప్పాలి. ఒకసారి రాసిస్తారా?" అన్నాడు.

"రాసేదేముంది? కొవ్వొత్తిని చూడమనండి" అంది గిజెలా.

మేళం ఆవరణలో వరస కట్టి, బడి పొగగొట్టం వైపు తిరిగి నిలబడి వాయించింది. చర్చికి తప్ప దేనికీ అలా నిలబడని మేళం అది. కిటికీల్లో పిల్లల ముక్కులు అద్దాలకి అతుక్కున్నాయి. అలోయిజ్ ఈకల టోపీ తీసి కోడలి నెత్తిన పెట్టాడు. అది చెవుల దాకా దిగింది. గిజెలా తీయలేదు.

బడి ఆ చలికాలమంతా నడిచింది. ఒక్క పిల్లవాడూ వేరే బడికి పోలేదు. క్రిస్మస్‌కల్లా సగం కాలనీ, వసంతానికల్లా మిగతా సగం పైనుంచి అంటించడం నేర్చుకున్నారు. బీరు కొట్లో పాఠం చెప్పింది అలోయిజే. "ఇది నేను కనిపెట్టలేదు, కాని అందరికన్నా ఎక్కువసేపు కాదన్నది నేనే. కాబట్టి దీని గురించి నాకే ఎక్కువ తెలుసు" అనేవాడు. అగ్గిపెట్టెలిచ్చి ఎగతాళి చేసే అలవాటు పోయింది. ఇప్పుడు అందరి జేబుల్లోనూ అగ్గిపెట్టెలే. ట్రూడా తెరలు సోమవారం దాటి, మంగళవారం దాటి, శుక్రవారం దాకా తెల్లగా ఉన్నాయి. ఉతికే పని తగ్గి ఏం చెయ్యాలో తోచక ఆవిడ మేళంలో చేరింది, తాళాలు వాయించడానికి.

ఆ వేసవిలో గ్యాసు గొట్టం వచ్చింది. బడి బాయిలరు నిజంగానే ఆరిపోయింది. గిజెలా పార కడిగి, బార్బరా పటం కింద మేకుకి తగిలించింది. కొత్త యంత్రానికి మనిషి అక్కర్లేకపోయినా, బెర్నాడెటా గారు ఆవిణ్ణి వదల్లేదు. పిల్లలు ఇప్పటికీ రేడియేటరు మీద చేతులు పెట్టి ఆవిడ పేరే అరుస్తారు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. పొద్దున్నే పొగగొట్టాల వంక చూస్తే ఎవరు లేచారో, ఎవరు లేవలేదో తెలియడం లేదు. అందుకని ఇప్పుడు కాలనీలో లేచినవాళ్లు లేచినట్టు పక్కింటి కిటికీ తడతారు. గిజెలా కిటికీ ఆరింటికి తట్టేది అలోయిజ్, కర్ర కొసతో.

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నా మావయ్యా. నువ్వున్నావా?"

"ఉండబట్టే కదా తడుతున్నా! లేచి కాఫీ పెట్టు."